ప్రియాన్ పీటముడి: సోకిన కణజాలాన్ని నిర్వీర్యం చేయడం ఎందుకంత కష్టం?

1970ల మధ్యలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఇద్దరు యువ మూర్ఛ రోగులకు మెదడు లోపలి విద్యుత్ సంకేతాలు నమోదు చేయడం కోసం ఎలక్ట్రోడ్లు అమర్చారు. అవి కొత్తవి కావు. కొద్ది నెలల ముందే ఇంకో రోగికి వాడారు. ఆ రోగిది మెదడును తినేసే ప్రాణాంతక ప్రియాన్ జబ్బు, క్రూట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి, పొట్టిగా సీజేడీ. వాడిన ఎలక్ట్రోడ్లను అలాగే తీసి పెట్టెయ్యలేదు. బెంజీన్‌తో శుభ్రం చేశారు, 70 శాతం ఆల్కహాల్ పట్టించారు, ఆపైన ఫార్మాల్డిహైడ్ ఆవిరిలో ఉంచారు. ఏ బ్యాక్టీరియా అయినా, ఏ వైరస్ అయినా ఆ వరసను తట్టుకుని మిగలడం దాదాపు అసాధ్యం. అయినా రెండేళ్లు తిరక్కుండానే ఇద్దరికీ సీజేడీ వచ్చింది. 1977లో ఈ సంగతి వైద్య పత్రికలో వెలువడింది.

కథ అక్కడితో ఆగలేదు. అవే ఎలక్ట్రోడ్లను మళ్లీ మళ్లీ శుభ్రం చేసి, రెండేళ్లకు పైగా నిల్వ ఉంచి, చివరికి ఒక చింపాంజీ మెదడులో పెట్టి చూశారు. ఏడాదిన్నరకు దానికీ జబ్బు వచ్చింది.

ప్రియాన్ వ్యాధుల గురించి ఎక్కడ మొదలుపెట్టినా నేను ఈ ఎలక్ట్రోడ్ల దగ్గరికే వస్తాను. ఎందుకంటే అక్కడ ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. అందరూ చేయాల్సిందే చేశారు. చేయాల్సినదంటూ వాళ్లకు తెలిసిందే తప్పు.

క్రిమిసంహారం అనే మాటలోనే ఒక నమ్మకం దాగి ఉంది. అక్కడొక క్రిమి ఉంది, దానికి ప్రాణం ఉంది, దాన్ని తీసెయ్యొచ్చు అని. ప్రియాన్‌కు తీయడానికి ప్రాణమే లేదు. అది ఒక ప్రొటీన్. అదీ బయటి నుంచి వచ్చిన వింత ప్రొటీన్ కాదు. మన 20వ క్రోమోజోమ్ మీదున్న జన్యువు తయారుచేసే, మన నాడీకణాల పైపొర మీద మామూలుగా ఉండే ప్రొటీనే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అందులో చెప్పుకోదగ్గ భాగం మెట్ల చుట్టులా మెలికలు తిరిగి ఉంటుంది. జబ్బు రూపంలో అదే గొలుసు బల్లపరుపు పొరలుగా మడతపడి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోగులుగా మారుతుంది. ఆ పోగు తగిలిన మామూలు ప్రొటీన్ కూడా అదే మడతలోకి జారుతుంది. అదే సంక్రమణ. స్టాన్లీ ప్రూసినర్ 1982లో దీనికి ప్రియాన్ అని పేరు పెట్టినప్పుడు చాలామంది నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆ మడతను నేను పీటముడిలా ఊహించుకుంటాను. లాగినకొద్దీ బిగుసుకునే ముడి. ప్రియాన్ నిర్వీర్యీకరణ చరిత్రలో సగం, మనం లాగి లాగి ఆ ముడిని బిగించుకున్న చరిత్రే.

మామూలు సూక్ష్మజీవిని ఎలా చంపుతామో చూడండి. రేడియేషన్, అతినీలలోహిత కిరణాలు, ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు దాని జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. ఆల్కహాల్ దాని పొరను చీలుస్తుంది. ప్రియాన్‌లో జన్యుపదార్థమూ లేదు, చీల్చడానికి పొరా లేదు. లండన్‌లో టిక్వా ఆల్పర్ బృందం 1966, 67లలో గొర్రెలకు వచ్చే ప్రియాన్ జబ్బు స్క్రేపీ కారకం మీద రేడియేషన్, అతినీలలోహిత కిరణాలు ప్రయోగించి, అది ఏ వైరస్‌కూ సాధ్యం కానంతగా తట్టుకుంటోందని చూపింది. ప్రియాన్ అన్న పేరు పుట్టకముందే, ఇందులో న్యూక్లియిక్ ఆమ్లం, అంటే జన్యుపదార్థం, లేకపోవచ్చన్న గట్టి అనుమానం ఆ ప్రయోగాల నుంచే వచ్చింది. అంటే దీన్ని చంపలేకపోవడమే ఇదేమిటో తెలుసుకోవడానికి తొలి ఆధారమైంది.

అంతకు ముప్పై ఏళ్ల ముందే ఒక హెచ్చరిక వచ్చింది. 1930లలో బ్రిటన్‌లో గొర్రెలకు లూపింగ్ ఇల్ అనే వైరస్ జబ్బు రాకుండా టీకా తయారుచేశారు. గొర్రెల మెదడు, వెన్నుపాము తీసుకుని, అందులోని వైరస్‌ను ఫార్మలిన్‌తో, అంటే నీటిలో కలిపిన ఫార్మాల్డిహైడ్‌తో, నిర్వీర్యం చేసేవారు. వైరస్ నిజంగానే చచ్చింది. కానీ ఒక విడతలో, దాదాపు 18,000 మోతాదుల్లో, కణజాలం ఇచ్చిన గొర్రెల్లో స్క్రేపీ ఉన్నవీ కలిశాయి. సుమారు రెండేళ్ల తర్వాత టీకా వేసిన మందల్లో స్క్రేపీ బయటపడింది. ఫార్మలిన్ వైరస్‌ను చంపింది, ప్రియాన్‌ను వదిలేసింది.

నిజానికి వదిలెయ్యడం కంటే ఎక్కువే చేసింది. ఫార్మలిన్ పని ప్రొటీన్లను ఒకదానితో ఒకటి అడ్డంగా కుట్టెయ్యడం. కణజాలం కుళ్లకుండా, ఆకారం చెడకుండా నిలవడానికి కారణం అదే. మడతను విప్పాలని చూస్తున్న చోట మడతను కుట్టేస్తే ఏమవుతుంది? అమెరికాలో పాల్ బ్రౌన్ బృందం దీన్ని పరీక్షించింది. ఫార్మలిన్‌లో నిలవచేసిన స్క్రేపీ మెదడును 134 డిగ్రీల సెల్సియస్ ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టించే యంత్రంలో, పెట్టినా సోకే శక్తి గణనీయంగా మిగిలింది. ఫార్మలిన్ తగలని కణజాలమైతే అదే ఆవిరికి చాలా మేరకు లొంగుతుంది. గ్లూటరాల్డిహైడ్‌ది ఫార్మలిన్ దారే, ఆల్కహాల్ కూడా ప్రొటీన్‌ను గట్టిపరిచేదే. ఎండబెట్టడం కూడా అంతే. లోహం మీద ఆరిపోయిన మెదడు పొర తడి ముద్ద కంటే చాలా మొండిది. ఉక్కు తీగలను సోకిన మెదడుకు కొద్ది నిమిషాలు తాకించి, కడిగి, ఎలుకల మెదడులో పెడితే జబ్బు వస్తుందని చార్లెస్ వైస్‌మన్ బృందం చూపింది. కంటికి కనిపించే మరక ఏదీ అక్కడ ఉండదు. ప్రియాన్ ఉక్కును అంత గట్టిగా పట్టుకుంటుంది.

ఎడిన్‌బరోలో డేవిడ్ టేలర్ చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. ఆటోక్లేవ్‌ను 134 నుంచి 138 డిగ్రీలకు పెంచితే, కొన్ని సందర్భాల్లో ఫలితం మెరుగుపడే బదులు దిగజారింది. వేడి ఎక్కువైనకొద్దీ ముద్ద అంచుల్లోని ప్రొటీన్ క్షణాల్లో గడ్డకట్టి లోపలి ప్రియాన్‌కు కవచమైపోతోందన్నది దానికి ఇచ్చిన వివరణ. ముడిని ఇంకాస్త గట్టిగా లాగారన్న మాట.

మరి ముడి ఊడేదెలా? ప్రొటీన్‌ను ముందు వదులు చేయాలి. ఆపైన ముక్కలు చేయాలి. ఈ రెండు పనులూ చేయగల పదార్థాలు కొన్నే ఉన్నాయి, అవేవీ సుకుమారమైనవి కావు.

మొదటిది కాస్టిక్ సోడా. లీటరు నీటికి 40 గ్రాములు కలిపితే వచ్చే ద్రావణాన్ని ప్రయోగశాలల్లో ఒక నార్మల్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనిలో గంటసేపు నానబెట్టడం ఒక పద్ధతి. క్షారం ప్రొటీన్ గొలుసులోని బంధాలనే తెంచుతుంది. చల్లగా ఉంటే కొంతవరకే. అదే క్షారంలో ముంచి 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెడితే విడివిడిగా రెండూ చేయలేని పని కలిసి చేస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మరిగే క్షారం ఆటోక్లేవ్ లోపల చిందితే యంత్రం పాడవుతుంది, మూత తీసినవాళ్ల ఒళ్లు కాలుతుంది. అందుకే మూతా, తొట్టీ సరిగా అమరిన ప్రత్యేక పాత్రలు వాడమంటారు. అల్యూమినియం పరికరాలనైతే కాస్టిక్ సోడా తినేసి హైడ్రోజన్ వదులుతుంది.

రెండోది సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్. మామూలు నేల తుడిచే గాఢత సరిపోదు. పది లక్షల పాళ్లకు 20,000 పాళ్ల క్లోరిన్ ఉండాలి, గంట పాటు తడిగా ఉండాలి. ఉపరితలాలకు ఇది బాగా పనిచేస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల మోంటానా ప్రయోగశాల 2019లో జింకల ప్రియాన్ మీద పరీక్షించినప్పుడు, 40 శాతం గాఢతలో ఇంటి బ్లీచ్ 5 నిమిషాల్లోనే ఉక్కు తీగల మీదున్న ప్రియాన్‌కు మడతను వ్యాపింపజేసే శక్తి పరీక్షనాళికలో కనిపించకుండా చేసింది. అయితే అదే అధ్యయనంలో, గట్టి కణజాలం ముక్కలోకి బ్లీచ్ చొరబడలేదని కూడా తేలింది. పైపైన ఆక్సీకరణం చేసి ఆగిపోయింది. వేటగాళ్ల కత్తులకు పనికొచ్చే విధానం, కోసిన మాంసం ముక్కకు పనికిరాదు. ఈ తేడాను మర్చిపోవడమే ప్రమాదం.

కణజాలం ముక్క విషయంలో దారి చూపింది ఫార్మిక్ ఆమ్లం. పెథాలజీ ల్యాబ్‌లో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. సీజేడీ అనుమానమున్న రోగి మెదడు ముక్క అప్పటికే ఫార్మలిన్‌లో ఉంది. నిర్ధారణ చేయాలంటే దాన్ని మైనంలో పొదగాలి, పల్చటి పొరలుగా కోయాలి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడాలి. కోసే బ్లేడు పదునైనది, ముక్కలు గాజు మీదికి ఎక్కుతాయి, చేతులు మారతాయి. ఆటోక్లేవ్ చేస్తే కణజాలం చూడటానికి పనికిరాదు, పైగా ఫార్మలిన్ వల్ల ప్రియాన్ ఇప్పటికే మొండికెత్తి ఉంది. కాస్టిక్ సోడా పోస్తే ముక్క కరిగిపోతుంది. 1990లో బ్రౌన్ బృందం చెప్పిన మార్గం ఇది. ముక్కను 4, 5 మిల్లీమీటర్ల మందం మించకుండా కోయాలి. దాన్ని దాదాపు శుద్ధమైన ఫార్మిక్ ఆమ్లంలో ఒక గంట ఉంచాలి. తీసి మళ్లీ తాజా ఫార్మలిన్‌లో రెండు రోజులు ఉంచి, ఆ తర్వాతే మైనంలోకి పంపాలి. ఆ గంటలో సోకే శక్తి విపరీతంగా పడిపోతుంది. కణాల రూపురేఖలు మాత్రం చదవగలిగేలా నిలుస్తాయి. మందం గురించిన ఆ షరతును ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఆమ్లం నడిమధ్య వరకు వెళ్లకపోతే ఆ గంట వృథా.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఫార్మిక్ ఆమ్లం మడతను వదులుచేస్తుంది కాబట్టి, ప్రియాన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలకు అంతదాకా దాగున్న చోటు అందుతుంది, రంగు ఇంకా స్పష్టంగా పడుతుంది. ప్రమాదాన్ని తగ్గించే పనీ, నిర్ధారణను తేలిక చేసే పనీ ఒకే సీసాలో దొరికాయి. అంతకుముందు చాలా ల్యాబులు ఫార్మలిన్‌లో ఫీనాల్ కలిపి అదే రక్షణ అనుకున్నాయి. పరీక్షిస్తే అది సోకే శక్తిని తగ్గించలేదు, కణజాలాన్ని మాత్రం పాడుచేసింది.

ల్యాబులో ఈ జాగ్రత్త ఎందుకో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక విషాదం చెబుతుంది. 2010లో ఒక యువ ల్యాబ్ టెక్నీషియన్, ప్రియాన్ సోకిన ఎలుకల మెదడు పొరలతో పనిచేస్తూ, రెండు జతల గ్లవ్స్ దాటి వేలికి గుచ్చుకున్న పట్టకారు పోటుకు గురయ్యారు. ఏడేళ్ల తర్వాత లక్షణాలు మొదలయ్యాయి. 2019లో ప్రాణం పోయింది. మరో కేసు బయటపడ్డాక 2021లో ఫ్రాన్స్ ప్రభుత్వ పరిశోధన సంస్థలు ప్రియాన్ పనులను కొంతకాలం నిలిపివేశాయి.

ముక్క నుంచి కళేబరానికి వస్తే లెక్కలే వేరు. 1986లో బ్రిటన్‌లో పశువులకు వచ్చే ప్రియాన్ జబ్బు, పిచ్చి ఆవు వ్యాధి గుర్తించారు. అక్కడొక్కచోటే 1,80,000కు పైగా పశువుల్లో అది నిర్ధారణ అయింది. చచ్చిన పశువులనూ, కబేళా వ్యర్థాలనూ ఉడికించి, కొవ్వు తీసి, మాంసం-ఎముకల పొడిగా దాణాలో కలిపే పరిశ్రమ ద్వారా అది మందలకు పాకింది. 1970ల చివర, 80ల మొదట్లో ఆ పరిశ్రమ కొవ్వు తీయడానికి ద్రావకాలు వాడటం చాలా మేరకు మానేసింది. ద్రావకంతో పాటే అదనపు ఆవిరి దశా పోయింది. అదే అసలు కారణమని కొన్నాళ్లు గట్టిగా చెప్పుకున్నారు. తర్వాతి ప్రయోగాల్లో ద్రావకం ప్రభావం పెద్దగా లేదని తేలింది కాబట్టి, ఆ ఒక్కదాని మీదే నేరం మోపడం సరికాదని నా అభిప్రాయం. అప్పటి ఉడికింపు విధానాలు చాలావరకు ప్రియాన్‌ను ఆపలేనివే. పరీక్షించిన వాటిలో మెరుగ్గా నిలిచింది ఒత్తిడితో కూడిన ఆవిరి. ముక్కలు 50 మిల్లీమీటర్లు మించకుండా, 133 డిగ్రీలు, 3 బార్ల ఒత్తిడి, 20 నిమిషాలు. యూరప్ ప్రమాణం అయింది అదే. దాని తర్వాత కూడా కొంత సోకే శక్తి మిగలొచ్చని మరికొన్ని ప్రయోగాలు చూపాయి. అందుకే మెదడు, వెన్నుపాము లాంటి ప్రమాదకర భాగాలను దాణా దారిలోకే రానివ్వకుండా, కాల్చి నాశనం చేయడానికి పంపుతారు.

కాల్చినా పోతుందా అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న వెటకారం కాదు, బ్రౌన్ బృందం నిజంగానే అడిగింది. స్క్రేపీ సోకిన మెదడును 600 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు బూడిద చేసి, ఆ బూడిదను హామ్‌స్టర్ల మెదడులోకి ఎక్కించారు. కొన్నింటికి జబ్బు వచ్చింది. సేంద్రియ పదార్థమేదీ మిగలని బూడిదలో సోకే శక్తి ఎలా నిలిచిందన్నది ఇప్పటికీ తృప్తిగా తేలలేదు. 1,000 డిగ్రీల దగ్గర చేసినప్పుడు ఒక్క జంతువుకూ రాలేదు. కాబట్టి కాల్చడం అంటే మంట పెట్టడం కాదు. బహిరంగంగా పేర్చిన చితిలో అన్ని చోట్లా ఒకే వేడి ఉండదు, రెండు గదుల ఇన్సినరేటర్‌లో ఉంటుంది.

పూడ్చడం ఇంకా బలహీనమైన మార్గం. మట్టిలో మూడేళ్లు పాతిపెట్టిన స్క్రేపీ మెదడులో సోకే శక్తి తగ్గింది, పోలేదు. కొన్ని రకాల బంకమట్టి ప్రియాన్‌ను పట్టి ఉంచి, నోటి ద్వారా సోకే తీరును తగ్గించే బదులు పెంచుతుందని కూడా తేలింది. ఐస్‌లాండ్‌లో స్క్రేపీ వచ్చిన మందలను నిర్మూలించి, ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచిన కొట్టాల్లోకి ఆరోగ్యవంతమైన గొర్రెలను తెచ్చారు. ఒక కొట్టంలో కనీసం 16 ఏళ్ల తర్వాత జబ్బు తిరిగొచ్చింది.

కళేబరాలకు నేను అన్నిటికంటే నమ్మేది క్షార జలవిశ్లేషణ. 1990లలో అమెరికాలోని ఆల్బనీ వైద్య కళాశాలలో గోర్డన్ కే, పీటర్ వెబర్ దీన్ని రూపొందించారు. మొత్తం కళేబరాన్ని ఉక్కు తొట్టిలో పెట్టి, కాస్టిక్ సోడా లేదా కాస్టిక్ పొటాష్ ద్రావణం నింపి, మూత బిగించి, ఒత్తిడితో 150 డిగ్రీల వేడిలో గంటల తరబడి తిప్పుతారు. ప్రియాన్ ప్రమాదం ఉన్నప్పుడు ఆరు గంటలు. తెరిచాక మిగిలేది ముదురు గోధుమ రంగు ద్రవం. అందులో ప్రొటీన్ లేదు, దాని ఇటుకలైన అమైనో ఆమ్లాలూ, చిన్న చిన్న ముక్కలూ, సబ్బూ ఉంటాయి. అడుగున ఎముకల రూపం మాత్రం ఉంటుంది, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పీటముడిని విప్పే ప్రయత్నం మానేసి తాడునే పోగులు పోగులుగా తెంపేసినట్టు.

ఇప్పుడు అంకెల సంగతి, ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. జబ్బు ముదిరిన హామ్‌స్టర్ మెదడు ఒక్క గ్రాములో వంద కోట్లకు పైగా సోకే మోతాదులు ఉండొచ్చు. ఒక విధానం 99.9999 శాతం నాశనం చేస్తుందని చెబితే గొప్పగా వినిపిస్తుంది. వంద కోట్లలో అది పోగా ఇంకా వెయ్యి మోతాదులు మిగులుతాయి. అందుకే ఈ రంగంలో ఎవరూ శాతాల్లో మాట్లాడరు, పది రెట్ల మెట్లలో లెక్కపెడతారు. ముందు కడిగి ముద్దను తగ్గించడం ఎందుకంత ముఖ్యమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కడగడం వల్లే చాలా మెట్లు దిగిపోతాం, మిగతా భారమే ఆవిరి మీద పడుతుంది.

ఇంకో చిక్కు, ప్రియాన్లన్నీ ఒకటి కావు. 2006లో ప్రూసినర్ బృందం ఆమ్లం కలిపిన డిటర్జెంట్‌తో చేసిన పరీక్షల్లో, మనుషుల సీజేడీ ప్రియాన్ హామ్‌స్టర్ ప్రియాన్ కంటే సుమారు లక్ష రెట్లు మొండిదని తేలింది. హామ్‌స్టర్ల మీద నెగ్గిన ఉత్పత్తి సీసా మీద ప్రియాన్‌ను నాశనం చేస్తుందని రాసుకుంటే, ఏ ప్రియాన్‌ను అని అడిగే హక్కు ఆసుపత్రికి ఉంది. కెరటినేజ్ లాంటి ఎంజైములు, క్షార డిటర్జెంట్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి ఇవన్నీ ఆశలు రేపుతున్నవే. ఎండోస్కోప్ లాంటి సున్నిత పరికరాలకు కాస్టిక్ సోడా పోయలేం కాబట్టి అలాంటివి కావాలి కూడా. కానీ ప్రతిదాన్నీ సోకిన కణజాలం మీద, సంబంధిత రకం మీద పరీక్షించాల్సిందే. జంతువుల్లో ఆ పరీక్షకు నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. పరీక్షనాళికలో కొన్ని రోజుల్లోనే మడత వ్యాప్తిని చూపే కొత్త పద్ధతులు వచ్చాయి, అయితే నాళికలో కనిపించిన జాడా, ప్రాణికి సోకే శక్తీ ఎప్పుడూ ఒకటే కావు.

పరికరాలన్నీ ఒకసారి వాడి పారెయ్యొచ్చు కదా అనిపిస్తుంది. ఇంగ్లండ్ 2001లో టాన్సిల్ ఆపరేషన్లకు అదే చేసింది. కొత్త పరికరాలతో రక్తస్రావాలు పెరిగాయని ఆ ఏడాదే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ప్రియాన్ భయంతో చేసిన మార్పు ఇంకో వైపు నుంచి రోగిని దెబ్బతీయవచ్చు.

అన్నిటికంటే కఠినమైన చిక్కు రసాయనానిది కాదు, కాలానిది. సీజేడీ ఉందని తెలియని రోగికి మెదడు ఆపరేషన్ అవుతుంది. పరికరాలు ట్రేలో ఆరిపోతాయి, మిగతా వాటితో కలిసి మామూలు ఆవిరికి వెళ్తాయి, మరో రోగికి వాడతారు. నిర్ధారణ వచ్చేది వారాల తర్వాత. అప్పుడు ఏ రసాయనం తెచ్చినా ఆలస్యమే. కాబట్టి రోగిని బట్టి కాకుండా ప్రతి ఆపరేషన్ తర్వాతా చేసే మామూలు పనిలోనే రక్షణ ఉండాలి. వాడిన పరికరాన్ని ఆరనివ్వకుండా తడిగా పంపాలి. ఆల్కహాల్, ఫార్మలిన్ లాంటి ఆల్డిహైడ్ తగలనివ్వకూడదు. క్షార డిటర్జెంట్‌తో కడిగాకే ఆవిరిలో పెట్టాలి. ఆ ఆవిరిని కూడా మామూలు మూడు నాలుగు నిమిషాలకు బదులు 134 డిగ్రీల దగ్గర 18 నిమిషాలు ఉంచాలి. తిరిగి వాడే శస్త్రచికిత్స పరికరాలకు ఆ 18 నిమిషాలను 2000ల మొదట్లోనే నియమంగా పెట్టిన దేశం స్విట్జర్లాండ్.